కౌలు, దఖలు, బేదఖలు



కౌలుదారుడు కౌలు చెల్లింపకున్నాడని భూమిగలవాని మొర. తాతనాటినుండి దున్నిన చేనినుండి వెడలగొట్టుచున్నాడని కౌలుదారుని మొర. ఈ రెండు మొరలు వినని గ్రామము మన సీమలో లేదు. నేడు యాప్రాలు మొదలు శామీర్‌పేటవరకు పొలములున్నచోట మేడలు లేచినవి. అయినను నగరము చుట్టుపట్ల భూవివాదములలో "రక్షిత కౌలుదారు" అనుమాట ఇంకను వినబడుచునే యున్నది. ఆ మాట ఎట్లు పుట్టెనో, దానిని నమ్ముకొన్నవారికేమి సంభవించెనో నేడు మనవి చేసెదను.

ముందుగా పదముల యర్థము తెలిసికొందము. కౌలు అరబ్బీ పదము. దాని యర్థము మాట. కౌలిచ్చుట యనగా మాటయిచ్చుటయే. దఖలు అనగా స్వాధీనము. దానికి ముందు "బే" చేరినచో స్వాధీనము పోవుట; అదియే బేదఖలు. పట్టాదారుని క్రింద సాగుచేయువానిని నిజాము రాజ్యమున "ఆసామీ షిక్మీ" యనెడివారు. ఫారసీలో షికమ్ అనగా కడుపు. దున్నువాడు మరియొకని పట్టా కడుపులో నుండువాడని భావము. లోనున్నవాడు వెలికి కనబడడు. సర్కారు లెక్కలలో వాని స్థితియు నట్లే యుండెను.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారనిర్ణయమునకు మూడు ప్రమాణములు చెప్పిరి: లిఖితము, భుక్తి, సాక్షులు. కౌలురైతునకు భుక్తి కలదు, ఊరంతయు సాక్షియే. లేనిదల్లా లిఖితము. ఆ యొక్కటియు భూస్వామిచేతనో, పట్వారీ బస్తాలోనో యుండెడిది. కావుననే ముప్పదియేండ్లు దున్నినవాడును ఒక్క మాటతో చేను విడువవలసివచ్చెడిది.

ఈ మేడ్చలు ఆ కాలమున అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో నొక తాలూకా. ఆ జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అనగా నిజాము ప్రభువు సొంత యిలాకా. తక్కిన రాజ్యమున దివానీ గ్రామములును, జాగీరులును కలవు. ఏలిక ఎవరైనను షిక్మీదారుని బ్రతుకు ఒక్కతీరుగనే యుండెను. ఫసలీ 1354లో, అనగా 1944-45 ప్రాంతమున, ఆసామీ షిక్మీ చట్టమొకటి వచ్చినది. అది కాగితమున నిలిచినంతగా పొలమున నిలువలేదు.

ఆ కాలముననే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసికొన్న భూమిపై విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి కన్నువేసెను. ఆమె ఆతని కౌలుదారు కాదు. ఆ భూమి ఆమెకు వేరొక భూస్వామి కౌలుకిచ్చినది. అయినను పంట కోసికొనిపోవుటకు మనుష్యులను పంపెను. సంఘమువారు అడ్డునిలిచి ధాన్యమును ఐలమ్మ యింటికి చేర్చిరి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియైన పిదప, చేని గట్టుమీది తగవు రాజ్యమునంతను కదిలించిన పోరాటమాయెను.

1948లో నిజాము పాలన ముగిసినది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వమున కలిసినది. ఆ యేటి ఆగస్టు 15న జాగీరుల రద్దు ప్రకటింపబడినది. 1950 జూన్ 10 నుండి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము అమలునకు వచ్చినది. నిర్ణీతకాలములో ఆరేండ్లు ఎడతెగక సాగుచేసినవాడు రక్షిత కౌలుదారు అయ్యెను. వారి పేర్లు రిజిస్టరున కెక్కినవి. భుక్తికి లిఖితము తోడైన దినమది.

ఈ చట్టము భూస్వామిని చేతులు కట్టి కూర్చుండబెట్టినదని కొంద రందురు. అది సరికాదు. కౌలు చెల్లింపనివానిని, నేలను పాడుచేసినవానిని, తాను దున్నక మరియొకనికి దిగువకౌలు కిచ్చినవానిని తొలగించుటకు మార్గము చూపినది. కారణము వ్రాసి ముందుగా నోటీసు ఈయవలెను, తహశీలుదారు విచారింపవలెను, ఆయన హుకుము లేక చేనిలో కాలు పెట్టరాదు. స్వయముగా సాగుచేసికొనదలచిన పట్టాదారునకును మితితో నవకాశము కలదు. కౌలుదారుడే తన హక్కు వదలుకొనదలచినచో నది వ్రాతమూలకముగ నుండవలెను. వాడు తహశీలుదారు నెదుట ఒప్పుకొనవలెను. అది నిష్కపటమని ఆయనకు తోపవలెను.

ఇంత కట్టుదిట్టము చేసినను ఏమి జరిగినది? ఆచార్య ఏ. ఎం. ఖుస్రోగారు నాటి హైదరాబాదు రాష్ట్రమున నీ విషయము పరిశోధించి 1958లో గ్రంథము ప్రకటించిరి. 1951లో రక్షిత కౌలుదారులైన నూరుగురిలో నాలుగేండ్లకు ఆ స్థితిలో నిలిచినవారు ఇంచుమించు 45 మంది. భూమి కొనుక్కొని పట్టాదారులైనవారు 12 మంది. చట్టప్రకారము బేదఖలైనవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే. చట్టమునకు విరుద్ధముగా వెడలగొట్టబడినవారు 22 మంది. "స్వచ్ఛందముగా" వదలుకొన్నవారు 17 మంది.

అయ్యలారా! చట్టపు వాకిటినుండి ఒక్కడు వెడలగా, దొడ్డిదారిని పదునైదుగురు వెడలిరి. వీరిలో నా మనస్సును కలచునది ఆ పదునేడుగురి సంగతి. కఱ్ఱ యెత్తినవాడు దోషియని లోకమునకు కనబడును. రాజీనామా కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొన్నవాని దోషము కనబడదు. దొర యప్పు పద్దున్నది, బిడ్డ పెండ్లికి దొరయే దిక్కు, చదువు రాదు. అట్టివాని స్వచ్ఛందము ఎంతటిది? బడిపంతులనగుటచే పాత కాగితములు చదివి చెప్పుమని నాయొద్దకు వచ్చినవారు పలువురు. తండ్రి వ్రేలిముద్ర క్రింద నేమి వ్రాసియున్నదో కొడుకులు మొదటిసారి వినుట నేను కన్నులార చూచితిని. లేని లిఖితమువలన మొదట నష్టపడిన రైతు, పిదప చదువలేని లిఖితమువలన నష్టపడెను.

పేరు రిజిస్టరున నిలిచినవారికి మేలు జరుగకపోలేదు. చట్టసవరణ ననుసరించి తెలంగాణములో నధికభాగమున 1973 జనవరి 1 నుండి వారికి యాజమాన్యమే సంక్రమించినది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని న్యాయస్థానములలో ప్రమాణముగా చూపబడుచున్నది. మనము అటకమీద పడవైచిన కాగితము మనుమని చేనిని కాపాడగలదు.

కాబట్టి పెద్దలైన మీకు నా విన్నపము. మీ యూరిలో కౌలు ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును గడువు, కౌలుమొత్తము, చెల్లింపుతేది వ్రాసికొనునట్లు చూడుడు. ఆ వ్రాత ఇరువురికి చదివి వినిపింపుడు. ప్రతి చెల్లింపునకు రసీదు ఈయింపుడు. మొండి కౌలుదారునిపై న్యాయము కోరు భూస్వామికి ఆ కాగితమే సాక్ష్యము. అన్యాయముగా తరుమబడు కౌలుదారునకును అదియే రక్ష. మాటకు వ్రాత తోడైనను, వ్రాతకు చదువు తోడుకానినాడు కౌలు నిలువదు.

స్వస్తి.