హరికేన్ల జాడ, తీవ్రతల పరిశీలన

అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ సముద్రాల్లో గంటకు 119 కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో గాలులు వీచే తుపానును హరికేన్ అంటారు. అది ఎటు కదులుతోంది, ఎంత బలపడుతోంది అన్నది ముందే పసిగట్టడం తీరవాసుల ప్రాణరక్షణకు ఎంతో కీలకం. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఈ సమాచారాన్ని క్రోడీకరించి హెచ్చరికలు జారీ చేస్తుంది.

ఉపగ్రహాలు: మేఘాల అమరికను బట్టి తీవ్రతను 1 నుంచి 8 వరకు అంకెల్లో అంచనా వేసే పద్ధతిని వెర్నన్ డ్వొరాక్ 1970లలో తీర్చిదిద్దారు. భారత వాతావరణ శాఖ కూడా బంగాళాఖాతం తుపానులకు దీన్ని వాడుతుంది.

విమానాలు: 1943 జులై 27న జోసెఫ్ డక్‌వర్త్ తొలిసారి కావాలనే హరికేన్‌లోకి విమానం నడిపారు. నేడు విమానాల నుంచి డ్రాప్‌సోండ్‌లను జారవిడుస్తున్నారు. గొట్టంలా ఉండే ఈ పరికరం చిన్న పారాచూట్‌తో దిగుతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగాల వివరాలను క్షణక్షణం రేడియోలో పైకి పంపి, చివరకు సముద్రంలో పడిపోతుంది.

గమనం, బలం: చుట్టూ ఉన్న వాయుప్రవాహాలే హరికేన్‌ను ప్రధానంగా నడిపిస్తాయి. కేంద్రంలో పీడనం పడిపోయేకొద్దీ సాధారణంగా గాలి ఉధృతి పెరుగుతుంది. 2015 అక్టోబరులో మెక్సికో తీరం వైపు సాగిన పాట్రీషియాలో పీడనం 872 మిల్లీబార్లకు తగ్గగా, గాలి వేగం గంటకు 345 కిలోమీటర్లకు చేరింది.