బలహీనుల్ని పిలిచిన కృప

మమ్మల్ని "బియ్యం క్రైస్తవులు" అంటారు. కరువులో గంజి కోసం మతం మారారని ఊళ్ళోవాళ్ళూ అంటారు, చదువుకున్నవాళ్ళూ అంటారు. అసలేం జరిగిందో మేమే చెప్పుకోవాలి.

1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆ ఏడే తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య వెనక్కెళ్ళి తనవాళ్ళకి చెప్పాడు. పల్లెపల్లెకీ సువార్త మోసింది మాదిగ కాళ్ళే.

మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పైకులాలవాళ్ళు క్లౌకి తెగేసి చెప్పారు. ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకంలోని బలహీనుల్నే ఏర్పరచుకున్నాడని చెప్పేచోటు. క్లౌ మాదిగల్నే చేర్చుకున్నాడు.

చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు. చచ్చిన గొడ్డుని తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, ఆదివారం పనికి పోకూడదు. వెట్టిచేసేవాడు కామందుతో "ఇయ్యాళ రానండీ" అనడం అప్పుడు చిన్నమాట కాదు. జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఊరు పగబట్టింది. ఐనా నిలబడ్డారు. ఆ బలం పొలం ఇచ్చింది కాదు, కులం ఇచ్చింది కాదు.

1876-78లో ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. కూటి కోసం వస్తున్నారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పంచిపెట్టడం అయిపోయాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మరి బియ్యానికొచ్చినవాళ్ళెవరు?

మా మంగళగిరి వైపు లూథరన్లు ముందొచ్చారు. ఫాదర్ హయ్యర్ 1842లోనే గుంటూరులో దిగాడు. మా నాయనమ్మకి చదువు రాదు, పౌలు మాత్రం వచ్చు. మిరపకాయల కోతకెళ్ళి, చేతులు మండుతుంటే అనేది: "పౌలుగారికే ముల్లు తియ్యలేదురా దేవుడు. నా కృప చాల్లే అన్నాడు. మనకీ ఆ కృపే." ఆ మాట మీద ఆమె పిల్లల్ని బడికి పంపింది. నేను డిగ్రీ చదివి పంతుల్నయ్యాను.

ఐతే ఒకటి చెప్పాలి. పౌలు ముల్లు వేరు, కులం ముల్లు వేరు. దీన్ని మనుషులు నాటారు, మనుషులే పీకాలి. గుళ్ళోనూ మాల బల్ల, మాదిగ బల్ల అన్నవాళ్ళున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్నే ఎస్సీలంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపింది, మమ్మల్ని వదిలేసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికినప్పుడు మాత్రం మతం ఎవరడిగారు?

కృప అంటే పడుండమని కాదు. వంగిన నడుముని లేపేది కృప. మా తాతలు ఆదివారం రామన్నారు. మిగతా ఆరు రోజుల సంగతి మేం అడగాలి.