వెనక నాలుగు ప్లగ్గులు

మా మేస్త్రి నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు ఎంతవరకు చదివానో అడగలేదు. చెయ్యి చాపమన్నాడు. మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సరిపోద్ది, రేపట్నుంచి రా" అన్నాడు. అది 1985. నాకు పన్నెండేళ్లు. బెజవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు.

ఆ చెయ్యి దేనికి సరిపోతుందో షెడ్డుకి మారుతీ వ్యాను వచ్చిన రోజున తెలిసింది.

అంతదాకా మాకు వచ్చేవి అంబాసిడర్లు, ఫియట్లు. అంబాసిడర్ బోనెట్ ఎత్తితే ఇంజిను చుట్టూ బోలెడంత చోటు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ గోడకి కొట్టిన కొయ్యల్లా సిలిండర్ హెడ్డు పక్కన వరసగా బయటికే ఉండేవి. బాక్స్ పానా తగిలించి టామీ రాడ్డుతో ఒక్క తోపు తోస్తే ఊడి వచ్చేవి. అయిదు నిమిషాల్లో నాలుగూ గుడ్డ మీద ఉండేవి. అసలు పని అప్పుడు మొదలయ్యేది. మేస్త్రి వాటిని వరస తప్పకుండా పేర్చి, ఒక్కొక్కదాని ముక్కు వెలుతురులో పెట్టి చూసేవాడు. లేత ఇటుక రంగులో ఉంటే ఆ సిలిండర్‌కి ఏ జబ్బూ లేదు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. నూనె తడి ఉంటే రింగులు అరిగాయి. పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లబడి, కొస కరిగితే ఇంజిను లోపల కాగిపోతోంది. చూడటం అయ్యాక ఎమెరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్‌తో సందు 25 థౌకి, అంటే దాదాపు మిల్లీమీటరులో పదింట ఆరు పాళ్లకు, సరిచేసి మళ్లీ బిగించేవాడు. ప్లగ్గు మార్చడమంటే మాకు అప్పుడు పాతది పారేయడం కాదు, బండి చెప్పేది వినడం.

షెడ్డులో ఏ ప్లగ్గునైనా "మైకో" అనే అనేవాళ్లు. అది బెంగళూరు కంపెనీ పేరని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గాట్లాబ్ హోనోల్డ్ 1902లో హై ఓల్టేజీ మాగ్నెటోనీ, దానికి తగిన స్పార్క్ ప్లగ్గునీ తయారుచేశాడు. ఆ బాష్ వాళ్లు 1951లో మన దేశంలో పెట్టిన కంపెనీయే మైకో. ఇనుప గూడు, మధ్యలో పింగాణీ, దాని నడుమ తీగ, కొసన నిప్పురవ్వ దూకే సందు. హోనోల్డ్ నాటి ప్లగ్గుని ఈనాటి మెకానిక్కు ఎవరైనా చూడగానే గుర్తుపడతాడు. వస్తువు పెద్దగా మారలేదు. అది ఉండే చోటే మారింది.

1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారుని అలెక్ ఇసిగోనిస్ గీసినప్పుడు, చిన్న బండిలో నలుగురు కూర్చోవడానికి ఇంజినుని అడ్డంగా తిప్పి పెట్టాడు. మనుషులకి చోటు దొరికింది, మెకానిక్కు చేతికి తగ్గింది. 1983 డిసెంబరులో వచ్చిన మన మారుతీ 800లోనూ ఇంజిను అడ్డంగానే ఉంది. ఆ మరుసటి ఏడు వచ్చిన వ్యానులో ఇంకో అడుగు వేసి, అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజినుని నిలువునా ముందు సీట్ల కిందికి తోశారు. బోనెట్టే లేదు. సీటు ఎత్తి, గొయ్యిలోకి వంగినట్టు వంగి పని చేసుకోవాలి.

మేస్త్రి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. నా చెయ్యి దూరింది. బండి ఆపి పావుగంట కూడా కాకుండా పెట్టించిన పని అది. ఎగ్జాస్ట్ గొట్టం తగిలి మణికట్టు మీద రూపాయి బిళ్లంత తోలు లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నొప్పికి ఏడ్చానని ఎవరూ కొట్టలేదు, కానీ పనీ ఆపలేదు. "మర పోనివ్వకు" అన్న మాటే వినిపించింది. అంబాసిడర్‌ది ఇనుప హెడ్డు, మోటుతనాన్ని ఓర్చుకునేది. దీనిది అల్యూమినియం. ప్లగ్గు ఒక్క చుట్టు వంకరగా ఎక్కినా 14 మిల్లీమీటర్ల మర చెడిపోయి హెడ్డే విప్పాల్సి వస్తుంది. అందుకు మేస్త్రి నాకొక జానెడు పెట్రోలు రబ్బరు గొట్టం ఇచ్చాడు. దాన్ని ప్లగ్గు తోకకి తొడిగి, వేళ్లతో తిప్పుతూ ఎక్కించాలి. మర సరిగ్గా కలిస్తే ప్లగ్గు తిరుగుతుంది, వంకరైతే గొట్టం జారిపోతుంది. కంటికి కనపడని చోట అంతకంటే నమ్మకమైన పనిముట్టు నాకు ఈ నలభై ఏళ్లలో దొరకలేదు.

1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. దాని సంగతి మా షెడ్డుల్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఇరుకు ఇంజిన్లు వచ్చాక చిన్న చేతులున్న పిల్లలకు గిరాకీ పెరగడం మాత్రం కళ్లారా చూశాను. పని నేర్పిన మనిషి మీద నాకున్న గౌరవం వేరు, ఆ పద్ధతి మీద నా కోపం వేరు.

ఇరుకు మనవాళ్లకే రాలేదు. అమెరికాలో 1975 షెవ్రోలె మోంజాని కంపెనీ వాళ్లు చిన్న రోటరీ ఇంజిను కోసం గీసుకున్నారు. ఆ ఇంజిను ఆగిపోయింది. దాని బదులు కొన్ని బండ్లలో 4.3 లీటర్ల వీ8 కుక్కారు. అందులో ఒక ప్లగ్గు మార్చాలంటే ఇంజినునే జాకీతో లేపాల్సి వచ్చేది. మొదటిసారి ఇది చదివినప్పుడు, ఆ దేశపు మెకానిక్కుల్లో నాలాంటివాళ్లు ఎందరున్నారో అనుకున్నాను.

తర్వాత సిలిండర్‌కి నాలుగు వాల్వులు వచ్చాయి. రెండు అటు, రెండు ఇటు పోగా ప్లగ్గుకి నట్టనడుమ తప్ప చోటు లేదు. మంట నలువైపులా సమంగా పాకడానికి అది మంచిదే. ప్లగ్గు మాత్రం రెండు క్యామ్ షాఫ్టుల మధ్య బావిలోకి దిగిపోయింది. పైన దానికి కరెంటు అందించే కాయిల్ మూతలా కూర్చుంది. ఇరిడియం ప్లగ్గు లక్ష కిలోమీటర్ల దాకా నడుస్తుంది కాబట్టి దాని ముఖం చూసే పనే తప్పింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు రావడంతో, సీసం బూడిద గీకే పని కూడా పోయింది.

నన్ను బాగా కష్టపెట్టింది మాత్రం 2003 చివర్లో వచ్చిన హోండా సిటీ. ఐ-డీఎస్ఐ ఇంజిను, నాలుగు సిలిండర్లకి ఎనిమిది ప్లగ్గులు, ఎనిమిది కాయిళ్లు. మంట త్వరగా, పూర్తిగా అంటుకోవాలని ఒక్కో సిలిండర్‌లో రెండేసి నిప్పులు. ఆ ఆలోచనకి ఇప్పటికీ దండం పెడతాను. ముందు నాలుగూ చేతికి అందేవి. వెనక నాలుగూ అద్దం కిందికి పోయి ఉండేవి. వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ తొట్టె విప్పితే గాని దారి దొరకదు.

అప్పటికి నాకు సొంత షెడ్డు ఉంది. ఎక్కడెక్కడో సర్వీసు చేయించుకుని వచ్చిన బండ్లు విప్పితే, ముందు నాలుగు మెరుస్తూ, వెనక నాలుగు తుప్పుపట్టి కనిపించేవి. బిల్లులో ఎనిమిదీ ఉండేవి. మా కుర్రాడొకడు ఓ సాయంత్రం, "వెనకవి ఎవరు చూస్తార్లే అన్నా" అన్నాడు. ఆ రోజు నేను వాణ్ని కోప్పడలేదు. వైపర్లు నేనే విప్పాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లిద్దరూ ఐటీఐ చదివి వచ్చారు, చేతులు పెద్దవి. వాళ్ల కోసం పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, మెడ తిరిగే జాయింట్లు కొన్నాను. పాత సిటీ వస్తే పూట పని అని ముందే చెప్తాను. ఇంజిను చల్లారేదాకా ముట్టుకోనివ్వను, ప్లగ్గు చుట్టూ దుమ్ము గాలితో ఊదకుండా పానా పెట్టనివ్వను. ఎక్కించేటప్పుడు జానెడు రబ్బరు గొట్టమే. అయ్యాక పాత ఎనిమిదీ తెల్లగుడ్డ మీద రెండు వరసలుగా పేర్చి, బండాయన్ని పిలిచి, వెనక వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేతికిస్తాను.