ఇంజను ఊపిరి

1948లో ఆస్ట్రియా దేశమందలి గ్మ్యుండ్ అను చిన్న ఊరిలో, ఒకప్పుడు కఱ్ఱకోత మిల్లుగా నుండిన షెడ్లలో, పోర్షె కంపెనీవారు ఒక చిన్న కారును తయారు చేసిరి. దానిలోని ఇంజను వారు క్రొత్తగా నిర్మించినది కాదు. జర్మనీలో ప్రజల కారుగా పేరుపొందిన ఫోక్స్‌వాగన్ ఇంజనే అది. నాలుగు సిలిండర్లు, మొత్తము 1131 ఘన సెంటీమీటర్ల పరిమాణము. ఫోక్స్‌వాగన్ కారులో అది 25 అశ్వశక్తుల నిచ్చెడిది. గ్మ్యుండ్ కారులో అదే పరిమాణముతో 35 అశ్వశక్తుల నిచ్చినది. సిలిండర్లు పెద్దవి కాలేదు. వాటిపై మూతవలె బిగించు ‘హెడ్డు’లో మాత్రము మార్పులు జరిగినవి. పది అశ్వశక్తులు ఆ మూతలో దాగియున్నవన్న మాట.

ఈ సంగతి తెలిసిన తరువాత సామాన్యులు ఊరకుండలేదు. 1950 తరువాత ఇరువది ముప్పది సంవత్సరములపాటు, ముఖ్యముగా అమెరికాలో, వేలకొలది యువకులు తమ ఇంటి షెడ్లలో ఈ హెడ్లను విప్పి, లోపలి దారులను అరగదీయుటకు పూనుకొనిరి. వారికి దక్కినదేమి, దక్కనిదేమి అన్నది భౌతికశాస్త్రము చదువుకొనువారికి మంచి పాఠము.

హెడ్డు అనగా అల్యూమినియము మిశ్రలోహముతో పోతపోసిన దిమ్మ. దానిలో రెండు విధములైన దారులుండును. ఒకటి పెట్రోలు ఆవిరి కలిసిన గాలి లోనికి వచ్చు దారి. రెండవది కాలిన వాయువులు వెడలు దారి. వీటిని ‘పోర్టు’లందురు. ప్రతి దారి చివర ఒక కవాటముండి, సమయమునకు తెరచుకొని మూసుకొనును. ఫోక్స్‌వాగన్ ఇంజనులో రెండేసి సిలిండర్లకు ఒక్క హెడ్డు. 1970 వరకు ఆ కారు హెడ్డులో గాలి వచ్చుటకు ఒకే ద్వారముండి, లోపల రెండుగా చీలెడిది. ఇద్దరు ఒకే ముక్కుతో ఊపిరి పీల్చినట్లు!

ఈ ఊపిరి ఎంత వడిగా సాగవలెనో లెక్క వేసి చూడవచ్చును. తరువాత వచ్చిన 1584 ఘన సెంటీమీటర్ల ఇంజనును తీసికొందము. పిస్టను వ్యాసము 85.5 మిల్లీమీటర్లు, అది కదలు దూరము 69 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 4000 మారులు తిరుగునపుడు పిస్టను సగటు వేగము సెకనుకు 9.2 మీటర్లు. పిస్టను వైశాల్యము 57 చదరపు సెంటీమీటర్లు. లోనికి గాలి వదలు కవాటము వ్యాసము 35.5 మిల్లీమీటర్లే కనుక దాని వైశాల్యము సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. దారి ఇరుకైనకొలది ప్రవాహవేగము హెచ్చును గదా! కవాటము పూర్తిగా తెరచియున్నదనుకొన్నను గాలి సెకనుకు 53 మీటర్ల వేగముతో, అనగా గంటకు 190 కిలోమీటర్లతో, దూరవలెను. పెనుతుపాను వేగమిది. పైగా, పిస్టను ఒకసారి దిగుటకు పట్టు కాలము సెకనులో 133వ వంతు మాత్రమే. ఆలోపల సిలిండరు నిండినంత నిండును, లేనిది లేదు. నిండనిచో పెట్రోలు ఎంత పోసినను శక్తి పుట్టదు.

ఇంత తెలిసినవాడు ఎవడైనను మొదట చేయు ఆలోచన ఒక్కటే: దారిని పెద్దది చేయుట. కాని శ్రద్ధగా కొలిచి చూచినవాడు ఆ త్రోవ పట్టలేదు. ఇంగ్లండులో హారీ వెస్లేక్ (1897-1978) అను నతడు హెడ్డు గుండ గాలిని పంపి, ఎంత గాలి పారుచున్నదో కొలుచు పద్ధతిని వృద్ధి చేసెను. కంటికి నునుపుగా, విశాలముగా కనబడిన దారి కొలతలో ఓడిపోవుట, వంకరగా కనబడినది గెలుచుట అతనికి అనుభవమే. 1935లో జాగ్వార్ కారుకు అతడు రూపొందించిన హెడ్డుతో, అంతకుముందు 75 అశ్వశక్తుల ప్రాంతముననున్న ఇంజను నూరు దాటినది.

కిటుకు ఎక్కడనున్నదనగా, గాలికి జడత్వము కలదు. పోర్టు నేరుగా వచ్చి కవాటము దగ్గర వంగును. వడిగా వచ్చు గాలి ఆ మలుపు లోపలి అంచును అంటిపెట్టుకొని తిరుగలేక గోడనుండి విడిపోవును. అక్కడ సుడులు పుట్టి, ఉన్న దారిలో కొంత వ్యర్థమగును. మలుపులో ఒక మిల్లీమీటరు వంపు సరిదిద్దుట, ద్వారమువద్ద ఐదు మిల్లీమీటర్లు త్రవ్వుటకంటె మేలు కావచ్చును. అంతే కాదు. పిస్టను క్రిందికి దిగి మరల పైకి లేవనారంభించిన తరువాత గూడ కవాటము కొంతసేపు తెరచియే యుండును. వేగముతో వచ్చుచున్న గాలి తన జడత్వముచేతనే అప్పుడు గూడ లోనికి చొచ్చుకొని వచ్చును. దారి మరీ పెద్దదైనచో వేగము తగ్గి ఈ లాభము పోవును. నెమ్మదిగా నడచునపుడు అట్టి ఇంజను తడబడును. అద్దమువలె మెరుగు పెట్టుటయందు కొందరికి గల మోజు నా దృష్టిలో చేతిపని సంతోషమే కాని, శక్తి విషయములో దానివలన ఒనగూడునది స్వల్పము.

అమెరికాలో ఈ విద్య వ్యాపించుటకు ఫోక్స్‌వాగన్ నిర్మాణమే సగము కారణము. ఇంజను కారు వెనుక నాలుగు మరలపై నిలిచియుండును. జాకీ ఉన్నచో ఒక్క మనిషి దానిని దింపగలడు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పట్టణములో ఫోక్స్‌వాగన్ కార్లు అమ్ముచుండిన జో విటోన్ మొదట చేసినది పందెపు సామగ్రి కాదు. కవాటపు కాడ ఆడు గొట్టము అరిగినపుడు హెడ్డు మొత్తమును మార్చవలసి వచ్చుచుండగా, గొట్టమునొక్కదానినే మార్చు వీలు కల్పించి, దానిని అమ్మెను. అతని ఎంపీ సంస్థ తరువాత వేగపు సామగ్రికి ప్రసిద్ధి కెక్కినది. డీన్ లౌరీ నిర్మించిన ‘ఇంచ్ పించర్’ అను వారి బీటిల్ కారు 1960 తరువాతి పందెములలో పెద్ద ఇంజన్లుగల కార్లను వెనుకకు నెట్టినది. 1969లో జాన్ మ్యూర్ ఏమియు తెలియనివాడు గూడ ఫోక్స్‌వాగనును బాగుచేసికొనుటకు వ్రాసిన పుస్తకము, 1970లో బిల్ ఫిషర్ ఈ ఇంజన్ల వేగమును పెంచుటను గూర్చి వ్రాసిన పుస్తకము వెలువడినవి. గురువు లేనివారికి అవే గురువులైనవి.

పనిముట్లు స్వల్పము. డ్రిల్లు మరకు తగిలించు గుండ్రని ఆకురాయి, గరుకు కాగితము చుట్టిన పుల్ల, కొలత ముల్లు. అల్యూమినియము మెత్తనిది గనుక ఆకురాయి పళ్ళలో ఇరుకుకొనును; కిరసనాయిలో, కొవ్వొత్తి మైనమో రాచి పని సాగించిరి. కవాటము కూర్చుండు ఉక్కు వలయమునకు గాటు పడకుండ పాత కవాటమునొకదానిని అక్కడ ఉంచిరి. కొలుచుటకు గూడ ఇంటి ఉపాయమే. దుమ్ము పీల్చు యంత్రముతో హెడ్డు గుండ గాలిని లాగి, యు-ఆకారపు గాజుగొట్టములో నీటిమట్టపు భేదమును చూచిరి. మన ప్రయోగశాలలోని సాధనమే అది. రెండు పోర్టులను, కవాటములు ఒకే ఎత్తున తెరచి, ఒకదాని తరువాత ఒకటి పోల్చిన చాలును. ఏది మెరుగో నీరు చెప్పును.

అయితే నీరు చెప్పలేని సంగతి ఒకటి కలదు. అది వేడిమి. ఈ ఇంజనుకు నీటితొట్టి లేదు. హెడ్డు పైనున్న లోహపు రెక్కలమీదుగా పంకా విసరు గాలియే దానిని చల్లార్చును. మొదటి ప్రపంచయుద్ధకాలములో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో గిబ్సన్, హెరన్ అను నిరువురు విమానపు ఇంజన్లపై పరిశోధనలు చేసి, గాలితో చల్లార్చు సిలిండరుకు అల్యూమినియము హెడ్డు ఎంత అవసరమో నిరూపించిరి. వేడిమి ఆ లోహముగుండ నడచి రెక్కలను చేరవలెను. పోర్టును త్రవ్వినవాడు తీసివేయునది ఆ లోహమునే! దారి పెరిగి శక్తి పెరిగినచో పుట్టు వేడిమియు పెరుగును. నడచుటకు లోహము తగ్గును. పంకా మాత్రము పూర్వపుదే.

ఫలితము పగుళ్ళు. 35.5 మిల్లీమీటర్ల కవాటము స్థానములో 40 మిల్లీమీటర్లది పెట్టినపుడు కవాటముల మధ్యనున్న సన్నని లోహపు కట్ట మరింత సన్నగిల్లును. అక్కడనో, స్పార్కు ప్లగ్గు రంధ్రమువరకో బీట తీయును. అల్యూమినియము వేడికి ఉక్కుకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. అందుచే హద్దుమీరి వేడెక్కిన హెడ్డులో, బిగించిన ఉక్కు వలయము వదులై ఊడి పడవచ్చును. పిస్టను దానిని ఎగయగొట్టినచో ఇంజను గతి అంతే. మూడవ సిలిండరుకు ఇంకొక కష్టము. నూనెను చల్లబరచు భాగము దాని గాలికి అడ్డముగా నుండెడిది. ఎంతోమంది ఇంటి శిల్పుల శ్రమ ఆ మూడవ సిలిండరులోనే బూడిదైనది.

కంపెనీవారును అదే చిక్కులో పడిరి. 1971 నమూనా కారుకు, అనగా 1970 ఆగస్టునుండి, వారు సిలిండరుకొక పోర్టు చొప్పున హెడ్డులో రెండు ద్వారములు పెట్టిరి. వ్యానులో ఒకే ద్వారముతో 47 అశ్వశక్తుల నిచ్చిన 1584 ఘన సెంటీమీటర్ల ఇంజను కారులో 50 ఇచ్చినది. హెచ్చినవి మూడే. నూనె చల్లబరచు భాగమును ప్రక్కకు జరిపినది కూడ ఆ మార్పులలోనే. ఈ రెండవ పని మొదటిదానికంటె తక్కువదని నేననుకొనను. రెండు దారుల నడుమ లోహము పలుచబడిన ఆ హెడ్లలో పగుళ్ళు ఎక్కువని మెకానిక్కులు చెప్పుదురు.

2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో కడపటి బీటిల్ కారు కర్మాగారమునుండి వెలువడినది. మొత్తము 2,15,29,464 కార్లు. హెడ్లను మాత్రము ఇతర కంపెనీలు ఈనాటికిని పోతపోయుచున్నవి; పెద్ద కవాటములకు వలసినంత లోహమును ముందే విడిచి పోసినవి గూడ దొరకును. వాటిని కొన్నవారిలో కొందరు పెట్టె విప్పిన మరునాడే ఆకురాయి పట్టుదురు.