తపసి బంక

నల్లమల కొండవాలులందు, మన్నుకంటె రాయి హెచ్చుగానున్న తావుల, శీతకాలాంతమున ఆకులన్నియు రాల్చి, పలుచని పొరలుగా నూడివచ్చు తెల్లని బెరడుతో దూరమునకే కానవచ్చు చెట్టు తపసి. దాని మానునుండి స్రవించి, గాలి సోకిన కొలది గట్టిపడు బంకయే చెంచు గిరిజనుల పల్లెలగు పెంటలలో ఎండకాలమున ఉప్పునకును బియ్యమునకును వలయు రొక్కమును తెచ్చిపెట్టును.

గత శతాబ్ది పూర్వభాగమున, పారశీక దేశపు ట్రాగకాంతు బంకకు బదులుగా విదేశీయులు దీనిని ఔషధములందును, ఐస్‌క్రీములందును, కట్టుడుపళ్లను చిగుళ్లకు అతికించు పొడులందును వాడసాగిరి. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో కొండలు సర్కారువారి రక్షితారణ్యములగుటయు, అడవి ఫలసాయము గుత్తదారుల చేజిక్కుటయు నంతకుముందే జరిగియుండుటచే, ఈ గిరాకివలని లాభము చెట్టెక్కినవానికి గాక గుత్త పాడినవానికే దక్కెను. గడువు తీరులోపల రాబట్టుకొన్నదే తనదగు గుత్తదారునకు, మరునాటికి చెట్టు బ్రదికియున్న నేమి, ఎండిపోయిన నేమి? తెల్లని బంకకును, బెరడు పేళ్లు మన్ను కలిసిన బంకకును ఒక్కటే వెల. ఆ వెలయును పాత బాకీక్రింద జమ. అట్టి స్థితిలో చెంచు గొడ్డలితో బెరడు దాటి కట్టెలోనికి దిగునట్లు నరికెననిన, అది అతని అజ్ఞానమని నేనంగీకరింపజాలను. తేనెపట్టు కోయునపుడు ఈగలకై కొంత విడిచిపెట్టు మనుష్యునికి చెట్టు ప్రాణము తెలియదనుట అన్యాయము.

1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ ఏర్పడి, క్రమముగ గుత్తదారు స్థానమున తానే కొనుగోలుదారయ్యెను. అయినను చెట్టునకు మేలు కలిగినది అంతకు చాల పిమ్మట, ఆ శతాబ్ది చివరి దశకమున, బంకను తరగతులుగా విభజించి తెల్లదానికి హెచ్చు వెల ఇచ్చుటయు, గాటుపెట్టు పద్ధతిని నేర్పుటయు జంటగా సాగినప్పుడే. ఇప్పుడు గొడ్డలికి మారు పదునైన చిన్న కత్తితో, ముదురు మానునకు మాత్రమే, బెరడు మందము మించకుండ చిన్న గాటు పెట్టుదురు. బంక ఊరుట తగ్గిన పిదప ఆ గాటునకు పైన మరికొంత చెక్కుదురు. నేలరాలి మన్నంటకముందే ముద్దను చేతితో తీసి శుభ్రమైన బుట్టలో వేయుదురు. గాయము మానువరకు ఆ చెట్టు జోలికి పోరు.

2006 నాటి అటవీహక్కుల చట్టము చిల్లర అటవీఫలములపై గిరిజనులకు స్వామ్యము నొసగినది. కాని బంక వెల నిర్ణయించు చోట చెంచునకు మాట చెల్లనంతకాలము ఆ స్వామ్యము సగమే.