హెచ్‌ఐవీ నెగెటివ్ ఫలితంపై సందేహం

హెచ్‌ఐవీ పరీక్షలో నెగెటివ్ వచ్చినా కొందరికి ‘నిజంగా లేనట్టేనా?’ అన్న దిగులు తీరదు. ఆ దిగులుకు సమాధానం ఎక్కువగా పరీక్ష చేయించుకున్న తేదీలోనే దొరుకుతుంది.

ప్రభుత్వ కేంద్రాల్లో చేసే ర్యాపిడ్ టెస్టు సాధారణంగా వైరస్‌ను నేరుగా వెతకదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి పట్టే గడువే విండో పీరియడ్. ర్యాపిడ్ టెస్టుకు అది 23 నుంచి 90 రోజులు. సిరలోంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం ఎలైజా, వైరస్‌లోని పి24 యాంటిజెన్‌నూ పసిగడుతుంది కనుక దానికి 18 నుంచి 45 రోజులు. ప్రమాదం ఎదురైన వారానికే చేయించుకున్న టెస్టు నెగెటివ్ వస్తే దాన్నిబట్టి నిశ్చింతగా ఉండకూడదు. గడువు దాటాక వచ్చిన నెగెటివ్‌ను మాత్రం నమ్మాలి. ప్రమాదం ఎదురైన 72 గంటల్లోపు మొదలుపెట్టే నివారణ మందులు వాడినవారికి గడువు మారవచ్చు. వారు డాక్టరు చెప్పిన తేదీకే మళ్లీ పరీక్షకు వెళ్లాలి.

పాజిటివ్‌ను మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారిస్తారు, నెగెటివ్‌ను ఒక్క కిట్‌తోనే తేలుస్తారు. చాలామందిని కలవరపెట్టేది ఇదే. నిజానికి మొదటి కిట్‌ను ఎంచుకునేటప్పుడే సోకినవారెవరూ తప్పిపోకుండా చూసుకుంటారు. ఆ జాగ్రత్త వల్ల సోకనివారికి అరుదుగా రియాక్టివ్ రావచ్చు. మిగతా రెండు పరీక్షలు ఆ పొరపాటును వడకట్టడానికే.

ఒకరి నెగెటివ్ మరొకరికి చెల్లదని చెన్నై చరిత్రే చెబుతుంది. 1986 నాటికి పుణెలో వందలమందిని పరీక్షించినా ఒక్క పాజిటివ్ కూడా రాలేదు. కానీ అదే ఏడాది చెన్నైలోని మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలోమన్ మార్గదర్శకత్వంలో విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల నగరంలో సేకరించిన నమూనాలను వేలూరు సీఎంసీలో పరీక్షిస్తే ఆరింటిలో హెచ్‌ఐవీ బయటపడింది. దేశంలో అవే తొలి కేసులు. అలాగే భర్తకు నెగెటివ్ వచ్చింది కదా అని భార్య తన పరీక్ష మానుకోవడం ప్రమాదం.

జ్వరం, దద్దుర్లు, గొంతునొప్పి సవాలక్ష కారణాలతో వస్తాయి. గడువు దాటాక వచ్చిన నెగెటివ్‌ను అవి కొట్టేయలేవు. గడువు దాటి, కొత్త ప్రమాదమేదీ లేకపోతే ల్యాబు మార్చి మళ్లీ చేయించుకున్నా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అయినా భయం నిద్ర పోనివ్వకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి, అది చికిత్సకు లొంగే బాధ. చెన్నైలో అందుకు కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 ఉచిత ఫోన్ సేవ ఉంది. పరీక్ష ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం నిర్దేశిస్తోంది.