అలాస్కా రేడియో, అమ్మమ్మ ఊరి టీవీ

ఈ వారం నేను నేర్చుకున్న మాట ‘ఉపగ్రహం’. కాలేజీలో మా టీమ్ పల్లె ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక యాప్ చేస్తోంది. అందరూ ముందు వీడియో కావాలన్నారు. నేను పాత చరిత్ర చదివాను. తప్పులుంటే దిద్దండి.

అలాస్కాలో చాలా పల్లెలకు రోడ్డు లేదు. 1950లలో అక్కడ క్షయ బాగా ఉండేది. రోజూ మందు ఇవ్వడానికి డాక్టర్లు చాలరు కదా, అందుకని ఊరివాళ్ళకే ఆ పని నేర్పారు. ఆరోగ్య సహాయకులు అలా మొదలయ్యారు. 1968లో కాంగ్రెస్ వాళ్ళకు డబ్బు కేటాయించింది. (పార్టీ కాదు, ఇక్కడి పార్లమెంటు. అమ్మమ్మకు కూడా ఇదే చెప్పాల్సివచ్చింది!)

సహాయకురాలి దగ్గర షార్ట్‌వేవ్ రేడియో ఉండేది. దూరంగా ఆసుపత్రిలో ఉన్న డాక్టరుతో అందులోనే మాట్లాడాలి. కానీ ధ్రువకాంతులు వచ్చినప్పుడు రేడియో మూగబోయేది. (ఎంత అందమైన మాట, ఎంత చెడ్డ పని!) ఒక్కోసారి రోజుల తరబడి డాక్టరు దొరకడు. ఎదురుగా జ్వరంతో పిల్లవాడు. ఏం చేయాలో ఆమె ఒక్కతే తేల్చుకోవాలి.

1971లో నాసా ఉపగ్రహం ఏటీఎస్-1 ద్వారా పల్లెలను కలిపారు. బొమ్మ లేదు, మాట ఒక్కటే. అయినా డాక్టరుతో మాట్లాడగలిగిన రోజులు బాగా పెరిగాయి. పైగా అందరిదీ ఒకే చానెల్. ఒక ఊరి రోగి గురించి డాక్టరు చెబుతుంటే మిగతా ఊళ్ళ సహాయకులూ విని నేర్చుకునేవారు. రోగి గుట్టు మాత్రం దాగదు.

1974లో ఏటీఎస్-6 వచ్చింది. ఇప్పుడు డాక్టరు రోగిని చూడగలడు. కొన్ని కేసుల్లో బొమ్మ చాలా పనికొచ్చింది. ఎక్కువ కేసుల్లో మాత్రం మాటకూ బొమ్మకూ పెద్ద తేడా కనిపించలేదు.

తర్వాత సంగతి చదివి ఆశ్చర్యపోయాను. 1975లో అదే ఉపగ్రహాన్ని ఇండియా కోసం జరిపారు. ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఆరోగ్యం, వ్యవసాయం గురించి చెప్పేవారు, తెలుగులోనే. వెంటనే అమ్మమ్మకు ఫోన్ చేశాను.

“చూశాం నాన్నా. ఊరంతా బడి ముందు కూర్చునేవాళ్ళం. మా నర్సమ్మ కూడా వచ్చేది. ఒకరోజు మీ పెద్దమామయ్యకు వాంతులు, విరేచనాలు. టీవీలో ఆయనెవరో శుభ్రత గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన్ని అడగడానికి లేదుగా.”

“మరి నర్సమ్మ ఎవరిని అడిగింది, అమ్మమ్మా?”

“ఎవరిని అడుగుతుంది? తెల్లారేదాకా ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పడుతూ మన ఇంట్లోనే కూర్చుంది.”